ఆ ఓర్కుల వెనక డబ్బు ఎవరిది?

ప్రశ్న: హైదరాబాద్‌లో మేం ఐదుగురం శనివారం రాత్రుళ్ళు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం, అంటే బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా కథ నడిపే ఆట. ఇద్దరు ఆఫీసు ఫ్రెండ్స్, మా తమ్ముడు, మా మేనత్త కొడుకు, నేను. డంజన్ మాస్టర్‌ని, అంటే కథ నడిపే మనిషిని, నేనే. 2014లో వచ్చిన స్టార్టర్ సెట్ తీసుకుని ఫాండలిన్ అనే ఊరి కథ మొదలుపెట్టాం. ఊరు నాకు బాగా నచ్చింది. కానీ కొన్ని మార్చాలనుంది. దేవుళ్ళు మరీ ఎక్కువమంది ఉన్నారు, తగ్గించాలి. పేర్లు నోరు తిరగడం లేదు, తెలుగు పేర్లు పెడదామా అనిపిస్తోంది. ఊరిపెద్ద హార్బిన్ వెస్టర్ పిరికివాడు, అతని బదులు ధైర్యం ఉన్న ఒక ఆడమనిషిని పెట్టాలని ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఐదు వందల ఏళ్ళ కిందట ఆ ఊరి దగ్గరి గనిని ఓర్కులు అనే మోటు యోధుల జాతివాళ్ళు నాశనం చేశారన్న కథ మార్చాలి. మా తమ్ముడి క్యారెక్టర్ హాఫ్ ఓర్క్. ప్రతిసారీ పాపమంతా వాళ్ళ జాతి మీదే పడటం నాకు నచ్చడం లేదు.

చిక్కంతా మా బావతో. ఈ ఊరున్న కల్పిత ప్రపంచం ఫర్గాటెన్ రెల్మ్స్, దాని నవలలు చాలా చదివాడు. నేనేం చెప్పినా 'అది అలా కాదు' అంటాడు. మొన్న ఆ ప్రపంచంలోని నెవర్‌వింటర్ నగరానికి రాజు ఉన్నాడని అన్నందుకు అరగంట వాదన జరిగింది. ఇప్పుడు ఏం మార్చాలన్నా టెన్షన్‌గా ఉంది. ఇదంతా ఎందుకు, సొంత ప్రపంచమే రాసుకుంటే పోదా? అంత టైమ్ లేదు. ఎంతవరకు మార్చొచ్చో చెప్పండి. తర్వాతి పుస్తకం కొనాలా అన్నది కూడా చెప్పగలరు.

సమాధానం: మార్చొచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు. అయితే మీరు అడిగిన నాలుగు మార్పుల్లో ఒక్కదానికే మీ శక్తి అంతా పెట్టమంటాను. అది ఓర్కుల సంగతి. మీ ఉత్తరంలో అన్నిటికన్నా మంచి ఆలోచన అదే. మిగతా మూడూ చిన్న సర్దుబాట్లతో తీరిపోతాయి.

ఇక్కడి నుంచి ఆ కథలోని రహస్యాలు వస్తాయి. మీ టేబుల్ దగ్గర ఆడేవాళ్ళు చదవకుండా ఉంటే వాళ్ళకే మంచిది.

ముందు ఆ టెన్షన్ తగ్గించుకోండి. ఫర్గాటెన్ రెల్మ్స్ అనేది ఎప్పుడో ఒక్కసారి రాసి సీలు వేసిన ప్రపంచం కాదు. ఎడ్ గ్రీన్‌వుడ్ అనే కెనడా ఆయన 1960ల్లో, చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే, కథలు రాసుకోవడానికి దాన్ని ఊహించుకున్నాడు. అప్పటికి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటే లేదు, అది 1974లో వచ్చింది. టీఎస్‌ఆర్ అనే ఆట కంపెనీ ఆ ప్రపంచాన్ని తీసుకుని 1987లో పెట్టెగా అమ్మినప్పుడు, తమ దగ్గర విడిగా ఉన్న సరుకును కూడా దాంట్లో కలిపేసింది. మూన్‌షే దీవులు వేరే సెట్టింగ్ కోసం తయారైనవి, తర్వాత రెల్మ్స్ మ్యాప్ మీదికి వచ్చాయి. కారా-టూర్ 1985లో వేరే పుస్తకంలో పుట్టి ఆ తర్వాత ఇటు చేరింది. 2008లో నాలుగో ఎడిషన్ వచ్చినప్పుడు ఏకంగా వందేళ్ళు ముందుకు దూకి, మాయాశక్తినే చెల్లాచెదురు చేసి, బోలెడంతమంది దేవుళ్ళను చంపేశారు. ఐదో ఎడిషన్ వచ్చేసరికి వాళ్ళలో చాలామందిని తిరిగి తెచ్చారు. మీ బావ చదివిన నవలలు వీటిలో ఏ కాలానివన్నదాన్ని బట్టి ఆయనకు తెలిసిన రెల్మ్స్ కూడా మారుతుంది.

రాసినవాళ్ళే మీకోసం జాగా వదిలిన సందర్భాలూ ఉన్నాయి. 1987 పెట్టెలో సెంబియా అనే దేశాన్ని డంజన్ మాస్టర్లు తమకు తోచినట్టు నింపుకోవాలని వివరాలు లేకుండా వదిలారు. 2004లో ఇదే ఆటకు వచ్చిన ఇంకో ప్రపంచం ఎబెరాన్‌లో ఒక దేశం మొత్తం ఒక్కరోజులో నాశనమైపోతుంది, దానికి కారణం మాత్రం ఏ పుస్తకంలోనూ అధికారికంగా తేల్చలేదు. ప్రతి టేబుల్ తన జవాబు తనే వెతుక్కోవాలి. ఆ పుస్తకాలు కాలాన్ని కూడా ముందుకు జరపవు, ఎప్పుడూ 998వ సంవత్సరం దగ్గరే కథ మీ చేతికిస్తాయి. గ్లోరాంథా అనే మరో ఆట ప్రపంచంలో ఆడేవాళ్ళయితే మీ గ్లోరాంథా మా గ్లోరాంథాలా ఉండదు అన్నదాన్నే ఒక నియమంగా పెట్టుకున్నారు. కాబట్టి మీరు చేయబోయేది దొంగతనంగా చేసే పని కాదు. ఈ ఆట పుట్టినప్పటి నుంచీ ఉన్న పద్ధతే.

ఇంత చెప్పినా మీ బావది ఉత్త మొండితనం అని నేననను. ఆయన ఏళ్ళ తరబడి ఆ ఊళ్ళలో తిరిగాడు. నెవర్‌వింటర్ అనగానే ఆయన కళ్ళ ముందు ఒక వీధి కనిపిస్తుంది. మీకు రాజు ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి అనిపించవచ్చు. ఆయనకు మాత్రం తెలిసిన ఇంటికెళ్తే తలుపు వేరే వైపు ఉన్నట్టు ఉంటుంది. పైగా ఆ వాదనలో ఆయన చెప్పిందే కరెక్ట్. ఐదో ఎడిషన్ నాటికి నెవర్‌వింటర్ కిరీటానికి వారసుడు లేడు, డాగల్ట్ నెవరెంబర్ అనే ఆయన రక్షకుడి హోదాలో పాలిస్తుంటాడు. అలాంటి విషయం ఆయన చెప్పినప్పుడు 'సరే బావా, నెవరెంబరే' అని ముందుకెళ్ళిపోండి. మీ కథకు దానివల్ల పైసా నష్టం లేదు.

నేను పాటించేది ఇదే. ఊళ్ళో నిలబడిన ఎవరికైనా కంటికి కనిపించేవి, నలుగురికీ తెలిసినవి పుస్తకంలో ఉన్నట్టే ఉంచుతాను. ఎవరు పాలిస్తున్నారు, ఏ రోడ్డు ఎక్కడికి పోతుంది, ఏ అగ్నిపర్వతం ఎప్పుడు పేలింది, ఇవన్నీ ఆటగాళ్ళకీ మనకీ మధ్య ఉన్న ఉమ్మడి నేల. వాటిని మార్చినకొద్దీ ఆటగాడికి కాలు ఎక్కడ పెట్టాలో తెలియదు, ప్రతిదీ మిమ్మల్ని అడగాల్సి వస్తుంది. మార్చదలుచుకున్నప్పుడు భూమి లోపలి వాటిని మారుస్తాను. అంటే ఎవరూ చూడనివి, చూసినవాళ్ళు బతికి లేనివి, ఫలానా పని ఎందుకు జరిగిందన్న కారణాలు. నవలలన్నీ చదివిన ఆటగాడు కూడా అక్కడ మిగతావాళ్ళతో సమానమే, నిజంగా ఆశ్చర్యపోగలడు.

దేవుళ్ళ సంగతికొస్తే, ఎవరినీ తీసేయకండి. ఊరికే ఎత్తకండి, చాలు. ఫాండలిన్‌లో ఉన్నది ఒక్క చిన్న గుడి, అదృష్ట దేవత టైమోరాది. దాన్ని సిస్టర్ గరేల్ చూసుకుంటుంది. మీ పార్టీలో క్లెరిక్ ఉంటే ఆ క్లెరిక్ కొలిచే దేవుడు, ఈ టైమోరా, ఇద్దరే ఈ కథకి సరిపోతారు. ఆటగాళ్ళు ఎవరూ తలవని దేవుడి గురించి మీరు రాత్రి కూర్చుని ఆలోచించే పని లేదు. దేవుళ్ళ లిస్టు సగానికి తగ్గించాననుకోండి, అది టేబుల్ దగ్గర ఎవరికీ తెలియదు. మీ బావకు మాత్రం తెలుస్తుంది. ఇంకో అరగంట వాదన.

పేర్లు కూడా పూర్తిగా మార్చొద్దు. మీ ఆటగాళ్ళకు పనిచ్చిన పొట్టి డ్వార్ఫు జాతివాణ్ణి గండ్రెన్ రాక్‌సీకర్ అనలేకపోతే గండ్రెన్ అనండి, లేదా ఊళ్ళోవాళ్ళు పెట్టిన ముద్దుపేరు ఒకటి వాడండి. మీ భాష నిజంగా పనికొచ్చేది మాటతీరులో. మన దగ్గర ఎవరు ఎవరిని నువ్వంటున్నారు, ఎవరిని మీరంటున్నారు అన్నదాన్ని బట్టే పెత్తనం ఎవరిదో తెలిసిపోతుంది. ఎర్ర దుప్పట్లు వేసుకుని తిరిగే రెడ్‌బ్రాండ్స్ రౌడీలు సత్రం నడిపే టోబ్లెన్‌ని 'ఏరా' అని పిలవనివ్వండి. సత్రం తనదే అయినా, అతను వాళ్ళను 'బాబూ' అంటూ వంగి మాట్లాడతాడు. వాళ్ళ నాయకుడు గ్లాస్‌స్టాఫ్ మాత్రం అందరినీ మర్యాదగా 'మీరు' అనే అంటాడు, అదే ఎక్కువ భయం వేస్తుంది. మీరు పుస్తకంలో ఒక్క అక్షరం మార్చకుండానే ఆ సత్రం మీ సొంతమైపోతుంది.

హార్బిన్ విషయంలో కొంచెం ఆలోచించాలి. పుస్తకంలో ఏదైనా నచ్చకపోతే తీసేసే ముందు, అది అక్కడ ఏ పని చేస్తోందో చూడండి. హార్బిన్ పిరికివాడు కావడం వల్లే రెడ్‌బ్రాండ్స్ పట్టపగలు ఊళ్ళో దౌర్జన్యం చేయగలుగుతున్నారు, అందుకే మీ ఆటగాళ్ళకు పని దొరుకుతోంది. అతని స్థానంలో ధైర్యం ఉన్న మనిషి ఉంటే ఆమె ఇప్పటికే నలుగురిని పోగేసి వాళ్ళను తరిమేసి ఉండాలి కదా, ఎందుకు తరమలేదు? దానికి జవాబు పుస్తకంలోనే సిద్ధంగా ఉంది. రెడ్‌బ్రాండ్స్ మిర్నా డెండ్రార్‌నీ ఆమె ఇద్దరు పిల్లల్నీ ట్రెసెండార్ మేనర్ అనే పాడుబడ్డ భవనం కింది గదుల్లో బంధించి ఉంచారు. మిర్నాను మీ ఊరిపెద్దకు చెల్లెల్ని చేయండి. ఇప్పుడు ఆమెకు ధైర్యమూ ఉంది, నోరూ కట్టేసి ఉంది. మీ ఆటగాళ్ళు సాయం అడిగితే అందరి ముందూ కోపంగా పొమ్మంటుంది, రాత్రి సత్రం వెనక తలుపు దగ్గరికొచ్చి మేనర్‌కి దారి చెబుతుంది. హార్బిన్ చేసే పని ఎక్కడా ఆగలేదు, మీకు కావలసిన మనిషీ దొరికింది.

అదే పరీక్ష పాడుబడ్డ ఊరు థండర్‌ట్రీలో ఉన్న వెనమ్‌ఫాంగ్ మీద కూడా పెట్టి చూడండి. మూడో లెవెల్ పార్టీకి ఆ పచ్చ డ్రాగన్ మరీ ఎక్కువని చాలామంది దాన్ని నీరుగారుస్తారు. అది అక్కడున్నదే మరీ ఎక్కువగా ఉండటానికి. ప్రతి యుద్ధమూ గెలవాల్సినది కాదని, మాట్లాడి బయటపడొచ్చని, పారిపోవడం కూడా ఒక ఉపాయమేనని ఆటగాళ్ళకు తెలిసేది అక్కడే. దాన్ని ముట్టుకోకండి.

ఇక అసలు విషయం. ఓర్కులు గనిని నాశనం చేయలేదు, ఒప్పందం చేసుకున్న డ్వార్ఫులు, ఇంకో పొట్టి జాతివాళ్ళైన నోమ్‌లే ఒకరినొకరు మోసం చేసుకున్నారు అని కథ తిరగరాద్దామన్నది మీ ఆలోచన అనుకుంటున్నాను. దిశ సరైనదే. కానీ పుస్తకంలో ఉన్న కథను కొట్టేయాల్సిన పనే లేదు. అందులో ఏముందో మళ్ళీ ఒకసారి చూడండి. డ్వార్ఫులూ నోమ్‌లూ కలిసి ఫాండెల్వర్ ఒప్పందం చేసుకుని వేవ్ ఎకో గుహలోని గనిని పంచుకున్నారు. మనుషుల్లోని మాంత్రికులు వాళ్ళతో చేయి కలిపి అక్కడ మంత్రాల కొలిమి కట్టారు. తర్వాత ఓర్కులు దండెత్తి వచ్చారు. వాళ్ళకు తోడుగా కిరాయి మాంత్రికులు వచ్చారు. యుద్ధంలో గుహ కూలిపోయింది, గని ఎక్కడుందో కూడా జనం మరిచిపోయారు.

కిరాయి మాంత్రికులు. కిరాయి ఎవరిచ్చారు?

ఇది పుస్తకంలో లేదు. మీ కథంతా ఆ ఖాళీలో పడుతుంది. ఓర్కులు వచ్చింది నిజమే, మాంత్రికులు వచ్చిందీ నిజమే, మీ బావ చదివిన ప్రతి వాక్యమూ నిజమే. వాళ్ళకు డబ్బిచ్చి పిలిపించినవాడు ఒప్పందంలోనే ఉన్నాడు. డ్వార్ఫుల పెద్దల్లో ఒక వర్గం నోమ్‌ల వాటా కూడా తమకే కావాలనుకుని రహస్యంగా ఈ బేరం చేసింది. ఓర్కులకు గనిలో పదో వంతు రాసిస్తామన్నారు. పని అయ్యాక గుహ కూలింది, పిలిచినవాళ్ళూ చచ్చారు, వచ్చినవాళ్ళూ చచ్చారు. బతికి బయటపడిన కొద్దిమంది డ్వార్ఫులు చెప్పిన కథే చరిత్ర అయింది. అందులో బేరం మాట లేదు.

మీ తమ్ముడికి ఇందులో ఏం దక్కిందో చూడండి. ఓర్కులు మంచివాళ్ళు, నిందంతా అబద్ధం అని మీరు తేల్చేసి ఉంటే ఆ అబ్బాయి క్యారెక్టర్‌కి ఊరట దొరికేది, పని దొరికేది కాదు. ఇప్పుడు ఓర్కులు చేసిన పని చేసినట్టే ఉంది, దానికి వాళ్ళు జవాబు చెప్పుకోవాలి. కానీ వాళ్ళు తెగబడి వచ్చిన గుంపు కాదు, మాట ఇచ్చి పిలిపిస్తే వచ్చినవాళ్ళు, ఆ మాట ఎప్పటికీ తీరలేదు. గనిలో పదో వంతు మీద ఒక ఓర్కు వంశానికి హక్కు ఉంది. ఆ వంశం మీ తమ్ముడి క్యారెక్టర్‌ది అయితే? పుట్టుకతోనే దుర్మార్గమైన జాతి అనే పాత అలవాటును ఆట తయారుచేసేవాళ్ళే వదులుకుంటున్నారు. 2020లో, ఆటను ఇప్పుడు ప్రచురిస్తున్న విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీ ఓర్కులు, డ్రో ఎల్ఫుల చిత్రణలో తప్పు జరిగిందని ఒప్పుకుంది. అయితే పుస్తకంలో దిద్దడం వేరు, మీ టేబుల్ దగ్గర కూర్చున్న మీ తమ్ముడి చేతికి ఒక కాగితం ఇచ్చి, దీంతో ఏం చేస్తావో నీ ఇష్టం అనడం వేరు.

ఒక్క విషయం పెట్టాక దాన్ని ఊళ్ళో ఒక్కొక్కరి గుమ్మం దాకా తీసుకెళ్ళాలి. చాలామంది డంజన్ మాస్టర్లు ఇక్కడే ఆగిపోతారు. పది మార్పులు చేస్తారు, ఒక్కటీ ఎవరి ఇంటికీ వెళ్ళదు. గండ్రెన్ దగ్గర మొదలుపెట్టండి. డ్వార్ఫులు దాదాపు 350 ఏళ్ళు బతుకుతారు. ఐదు వందల ఏళ్ళంటే అతనికి పురాణం కాదు, తాత నోట విన్న మాట. అతనికి ఎంత తెలుసు? నాకైతే అతనికి సగం తెలిసి ఉండటం ఇష్టం. 'మా తాత ఆ బేరం గురించి అడిగితే లేచి వెళ్ళిపోయేవాడు' అన్నంత వరకు. మీ ఆటగాళ్ళకు గండ్రెన్ యజమాని, బండి తోలినందుకు తలా పది బంగారు నాణేలు ఇస్తానన్న మనిషి. అతని సోదరుడు థార్డెన్ శవం వాళ్ళకు గుహలో కనిపిస్తుంది. అంత నష్టపోయిన మనిషికి, నీ హక్కు మోసం మీద నిలబడి ఉంది అని చెప్పాల్సి రావడం చిన్న విషయం కాదు. ఆ మాట ఎవరు చెప్పాలన్నదాని మీదే పార్టీ ఒక సాయంత్రమంతా తర్జనభర్జన పడుతుంది.

హాలియా థార్న్‌టన్ గని హక్కుల లావాదేవీలు చూస్తుంది, లోపల జెంటారిమ్ అనే రహస్య ముఠా మనిషి. పాత బేరం కాగితం ఉందని ఆమె చెవిన పడితే కొనడానికి వస్తుంది. కాల్చేయడానికి కాదు, దాచుకోవడానికి. గండ్రెన్‌తో కలిసి వచ్చిన యోధుడు సిల్డార్ హాల్‌వింటర్‌కి ఫాండలిన్‌లో శాంతి కావాలి, గని త్వరగా తెరుచుకోవాలి. పాత గొడవ తవ్వడం అతనికి నచ్చదు, అయినా న్యాయం తెలిసిన మనిషి. ఇతన్ని ఇబ్బంది పెట్టండి. ఈ కథలో అసలు విలన్ నెజ్నార్‌కి ఇదేమీ పట్టదు, అతనికి కొలిమి చాలు. గోబ్లిన్‌ల దగ్గర కూడా ఏమీ మార్చక్కర్లేదు.

ఇక ఇది ఆటగాళ్ళకు ఎలా తెలుస్తుంది? ఒకే చోట పెడితే వాళ్ళు ఆ గదిలోకే వెళ్ళరు. మూడు చోట్ల పెట్టండి. మొదటిది అగాథా. సిస్టర్ గరేల్ మీ పార్టీని కోనీబెర్రీ దగ్గరున్న ఆ ఆడదెయ్యం (బాన్షీ) దగ్గరికి ఒక వెండి దువ్వెన ఇచ్చి పంపిస్తుంది. అగాథా ఒక్క ప్రశ్నకు జవాబు చెబుతుంది. బతికినప్పుడు ఆమె ఎల్ఫ్. ఎల్ఫులు 750 ఏళ్ళ దాకా బతుకుతారు కాబట్టి ఆనాటి సంగతి ఆమెకు తెలిసి ఉండటంలో వింత లేదు. గరేల్ అడగమన్నది మాంత్రికుడి పుస్తకం గురించి. అదే అడగాలా, గని గురించి అడగాలా? ప్రశ్న ఒక్కటే. రెండోది ట్రెసెండార్ మేనర్ కింద ఉన్న సమాధుల గది. అక్కడ పూడ్చిన ఒకరి పక్కన బేరం నకలు ఉండొచ్చు, రెండు ముద్రలతో, ఒకటి డ్వార్ఫులది, ఇంకొకటి పంజా గుర్తు. మూడోది గుహలోనే ఉంది. మోర్మెస్క్ అనే ప్రేతం ఒకప్పటి మాంత్రికుడు, యుద్ధంలో అక్కడే పోయాడు. పుస్తకంలోనే అతనితో బేరమాడే వీలుంది. మీరు అతన్ని సాక్షిని చేస్తున్నారంతే.

ఇప్పటికే కొన్ని సెషన్లు అయిపోయాయి కాబట్టి, ఓర్కులే నాశనం చేశారని మీరు బల్ల మీద చెప్పేసి ఉంటారు. కంగారు పడకండి. ఆ మాట ఎవరి నోటితో చెప్పించారో గుర్తు చేసుకోండి. గండ్రెన్ చెప్పి ఉంటే, అది గండ్రెన్‌కి చెప్పిన కథ. సత్రంలో విన్నది అయితే, అది సత్రంలో మాట. మీరు డంజన్ మాస్టర్‌గా మీ సొంత గొంతుతో చెప్పి ఉన్నా ఇబ్బంది లేదు, ఎందుకంటే పైన చెప్పిన మార్పులో అదింకా నిజమే. అందరూ విన్న మాటను వెనక్కి తీసుకోకూడదు, దాని కింద ఇంకో కారణం పెట్టడానికి అడ్డేమీ లేదు. ఇక నుంచి మాత్రం నోట్‌బుక్‌లో ఒక పేజీ కేటాయించి, ఊరి గురించి మీరు ఏ కొత్త సంగతి పైకి చెప్పినా ఆ రాత్రే ఒక లైన్ రాసుకోండి. పుస్తకానికీ ఆ పేజీకీ తేడా వస్తే, ఆ పేజీయే నిజం. మీ బావకు కూడా అది చూపించండి.

మీ బావతో మాట్లాడేది ఆట మధ్యలో కాదు, అందరి ముందూ కాదు. శనివారం లోపు ఒకసారి ఇంటికి పిలిచి టీ పెట్టి చెప్పండి. 'బావా, నువ్వు చదివినవన్నీ మన ఆటలో లోకం నమ్మేవి. వీధుల్లో, పాలకుల పేర్లలో నువ్వు చెప్పిందే ఖాయం. కానీ పాత సంగతుల కింద ఏముందో నేను పెట్టుకుంటాను. అది పుస్తకంతో కలవలేదని నీకు అనిపిస్తే, నీ క్యారెక్టర్‌కి అనుమానం వచ్చినట్టు ఆడు.' ఈ మాటలే అక్కర్లేదు, మీ ఇద్దరి మధ్య మాట ఎలా ఉంటుందో అలా చెప్పండి. ముఖ్యమైనది చివరి వాక్యం. ఇంతవరకు 'అది అలా కాదు' అన్న మాట ఆటను ఆపేది. ఇప్పుడు అదే మాట ఆయన క్యారెక్టర్ నోట వస్తే ఆటను ముందుకు నడుపుతుంది. పాత చరిత్ర చదివిన మాంత్రికుడు, లెక్క ఎక్కడో తప్పిందని మొదట పసిగట్టేవాడు ఆయనే అవుతాడు.

ఆయనకు తెలిసిన విద్యను వాడుకోండి కూడా. సెషన్‌కి ముందు ఒక మెసేజ్ పెట్టండి: నెవర్‌వింటర్‌లో గని తగాదా ఎవరి దగ్గరికి వెళ్తుంది, ఏమని ప్రమాణం చేయిస్తారు? ఆయన నాలుగు పేరాలు పంపిస్తాడు. అందులోంచి పనికొచ్చేది తీసుకుని, శనివారం ఆయన ఊహించని చోట వాడండి. ఒక్కటి మాత్రం చేయకండి. కేవలం ఆయన చెప్పింది తప్పని తేల్చడానికి ఏదీ మార్చొద్దు. ట్రోల్‌కి నిప్పు పనిచేస్తుందని తెలిసిన ఆటగాడి మీద నిప్పుకు చావని ట్రోల్‌ని వదలడం లాంటివి చేస్తే, ఆయన ఇష్టపడి నేర్చుకున్నదానికి శిక్ష వేసినట్టవుతుంది. మిగతా ముగ్గురూ కూడా చూస్తుంటారు, ఇక్కడ ఏదీ నేర్చుకుని లాభం లేదని అనుకుంటారు.

ఇంత చేశాక కూడా ఆయన ప్రతి పది నిమిషాలకూ ఆట ఆపితే, అప్పుడది రెల్మ్స్ సమస్య కాదు, మీ ఇద్దరిదీ. అది మీరు ఇంట్లో తేల్చుకోవాల్సిందే.

సొంత ప్రపంచం మాటకొస్తే, ఇప్పుడు వద్దు. మీకు టైమ్ లేదని మీరే అన్నారు. ఫాండలిన్ మ్యాపులు, మనుషులు, గుహలు అన్నీ సిద్ధంగా ఉన్నందువల్లే మీరు ఒక్క ప్రశ్న మీద ఇంతసేపు కూర్చోగలుగుతున్నారు.

తర్వాతి పుస్తకం గురించి: 2023లో వచ్చిన 'ఫాండెల్వర్ అండ్ బిలో' ఇదే కథను మళ్ళీ తీసుకుని 12వ లెవెల్ దాకా తీసుకెళ్తుంది. మీ దగ్గరున్న స్టార్టర్ సెట్ కథ 5వ లెవెల్ దగ్గర ఆగిపోతుంది. అయినా ఇప్పుడే కొనకండి. ముందు ఈ గని ఎవరి చేతిలో పడుతుందో చూడండి. గండ్రెన్ బతికి ఉండి వాటా పంచడానికి ఒప్పుకుంటే ఒక రకమైన ఫాండలిన్ తయారవుతుంది, హాలియా కాగితం కొనేస్తే ఇంకో రకం. మీ తమ్ముడు ఆ పదో వంతు అడిగి, ఊళ్ళో ఓర్కుల ఇళ్ళు కట్టించే పరిస్థితి వస్తే, కొత్త పుస్తకంలోని ఊరికీ మీ ఊరికీ సగం పోలికలుండవు. అప్పుడు ఆ పుస్తకం కొని, మీ నోట్‌బుక్ పేజీ పక్కన పెట్టుకుని చదివితే, ఏది ఉంచాలో ఏది తీయాలో మీకే తెలుస్తుంది.